పైన్‌వుడ్ డెర్బీ కోసం ఇంట్లో చేసుకున్న జిగ్‌లు: అయిదేళ్లు వాడాక

హ్యూస్టన్‌లో మా గరాజ్ గోడకి ఒక మేపుల్ చెక్క బిగింపు వేలాడుతూ ఉంటుంది. చెక్కని కదలకుండా పట్టి డ్రిల్‌కి దారి చూపే ఇలాంటి సాధనాన్నే జిగ్ అంటారు. దాని రెండు పక్కలా సన్నటి రంధ్రాలు, పైన మావాడి చేతిరాతలో "ముందు", "వెనక" అని ఉంటాయి. మావాడి చెక్క బొమ్మ కార్లు నాలుగు, పాపవి మూడు. మొదటిది తప్ప అన్నిటికీ యాక్సిల్ (ఇరుసు) రంధ్రాలు పడింది అందులోనే.

పైన్‌వుడ్ డెర్బీ అమెరికాలో కబ్ స్కౌట్ పిల్లల (స్కౌట్లలో చిన్నవాళ్ల విభాగం) బొమ్మ కార్ల పోటీ. 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ అనే స్కౌట్ నాయకుడు మొదలుపెట్టాడు. పిల్లలు లోపల కూర్చుని నడిపే మోటారు లేని కార్ల పోటీ అయిన సోప్ బాక్స్ డెర్బీకి వాళ్లబ్బాయి వయసు చాలకపోవడంతో చిన్నపిల్లలు తండ్రితో కలిసి చేసుకోగల కారు ఆలోచించాడు. కిట్‌లో 7 అంగుళాల పైన్ దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, యాక్సిల్స్‌గా నాలుగు మేకులు వస్తాయి. మొత్తం బరువు 5 ఔన్సులు, అంటే దాదాపు 142 గ్రాములు దాటకూడదు. మోటారు ఉండదు, వాలు మీద దానంతటదే జారాలి.

మొదటి ఏడాది జిగ్ లేదు. కంటి అంచనాతో రంధ్రాలు నేనే వేశాను. పోటీలో కారు ట్రాక్ మధ్య పట్టీకి కొట్టుకుంటూ వెళ్లి, ముగింపు గీత చేరకుండానే ఆగిపోయింది. ఇంటికొస్తుంటే వెనక సీట్లోంచి మావాడు, "నాన్నా, చక్రం నేను సరిగ్గా పెట్టలేదా?" అన్నాడు. రంధ్రం వంకర పోయింది నా చేతిలో. వాడేమో తప్పు తనదనుకున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఈ బిగింపు గీయడం మొదలుపెట్టాను.

కింద ఒక పలక, దాని మీద అంగుళం మందం మేపుల్ పట్టీలు రెండు, మధ్యలో దిమ్మ బిగుతుగా దూరేటట్టు 1¾ అంగుళాల ఖాళీ. ఒక చివర అడ్డుముక్క. పట్టీలకు రంధ్రాలు మాత్రం స్నేహితుడి డ్రిల్ ప్రెస్ (నిటారుగా రంధ్రం వేసే స్టాండ్ డ్రిల్) మీద వేశాను. వాటి మధ్య దూరం 4⅜ అంగుళాలు, పలక నుంచి ఎత్తు 3/16 అంగుళం. ముందు వైపు ఒక రంధ్రం మరో 1/16 అంగుళం పైకి వేశాను. ఆ చక్రం నేలకు తగలదు కాబట్టి రాపిడి మూడు చక్రాలదే. డ్రిల్ బిట్ 44వ నంబరు సైజుది. మేకు ఒక వెంట్రుకవాసి లావు కాబట్టి జిగురు లేకుండానే పట్టి ఉంటుంది. దిమ్మకి ముందే ఉన్న గాళ్లు పైకి వచ్చేలా తిరగేసి పెట్టాలి. రంధ్రాలు వేశాకే ఆకారం కోయాలి. కోసిన చెక్క ఇందులో నిలవదు.

ఒక్క జాగ్రత్త. రంధ్రాలు వేయనిచ్చే ప్యాక్‌లు (కబ్ స్కౌట్ల స్థానిక బృందాలు) ఉన్నాయి, గాడిలోనే మేకు కొట్టాలనేవీ ఉన్నాయి. నాలుగు చక్రాలూ నేలకు ఆనాలనేవీ ఉన్నాయి. మీ ప్యాక్ నియమాలు ముందే చదవండి.

పిల్లల చేతికి కరెంటు డ్రిల్ నేను ఇవ్వను. పిడి తిప్పే చేతి డ్రిల్ ఇస్తాను. చిన్నప్పుడు మా ఊరి వడ్రంగి బర్మా తాడు లాగుతుంటే చెక్క కదలకుండా పట్టుకోవడం నా పని. బర్మా ఒక్కసారైనా నా చేతికి ఇవ్వలేదు. ఇక్కడ పట్టుకునే పని బిగింపుది, తిప్పే పని పిల్లలది. ఏడేళ్ల పాప నాలుక బయటపెట్టి లెక్కపెడుతూ తిప్పుతుంది. రంధ్రంలోంచి పసుపు రంగు పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. రంధ్రం తిన్నగా పడుతుందా అన్న టెన్షన్ తనకీ లేదు, నాకూ లేదు.

లోపాలూ చెప్పాలి. మూడో ఏడు మేకులు కాస్త ఊగడం మొదలైంది. చూస్తే పట్టీ రంధ్రాలు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. పిల్లలు డ్రిల్‌ని పక్కకి నొక్కుతారు కదా, అదీ కారణం. ఆ రంధ్రాల్లో స్టీల్ డ్రిల్ బుషింగులు (బిట్ దూరే చిన్న గొట్టాలు) దిగ్గొట్టాక ఆ బాధ పోయింది. మొదటే వేయాల్సింది. వేసవిలో కొని గరాజ్‌లో పడేసిన దిమ్మ తేమకి ఉబ్బి బిగింపులో దూరనే లేదు. ఇంట్లో రెండు వారాలు ఉంచితే దారికొచ్చింది.

మేకులు నునుపు చేసే జిగ్ నాకు రెండో ఇష్టం. కిట్ మేకుల తల కింద చిన్న గరుకు అంచు ఉంటుంది, ఒంటి మీద నొక్కుల గుర్తులు ఉంటాయి. కరెంటు డ్రిల్‌ని బల్లకి క్లాంప్‌తో బిగించి, మేకు దానికి పట్టించి, మీట నేను నొక్కుతాను. గాడి కోసిన కర్రపుల్లకి శాండ్‌పేపర్ చుట్టి పిల్లలు ఆనిస్తారు. వేళ్లు చక్‌కి (డ్రిల్‌లో మేకుని పట్టే మూతి) జానెడు దూరంలో ఉంటాయి. 400 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 600, 1000, 2000. కళ్లకి రక్షణ అద్దాలు తప్పనిసరి. చివర్లో మేకులో బల్బు వెలుగు కనిపించగానే మావాడు పరుగున వెళ్లి వాళ్లమ్మకి చూపిస్తాడు.

చక్రానికీ చెక్కకీ మధ్య సందు కోసం గడువు తీరిన బ్యాంకు కార్డుకి గాటు పెట్టి వాడుతున్నాం. మందం 0.76 మిల్లీమీటర్లు, సరిగ్గా సరిపోతుంది. రంగు ఆరబెట్టే స్టాండ్ అంటే పలకకి నాలుగు మేకులు, అంతే.

పక్కన పడేసింది ఒక్కటే. కారుని ఏటవాలుగా కోయడానికి రంపం దారి చూపే పెట్టె చేశాను, రెండు వారాంతాలు పట్టింది. పని బాగానే చేసేది. కానీ అందులోంచి వచ్చేవన్నీ ఒకే ఆకారం కార్లు. వాళ్లమ్మమ్మ విజయవాడ నుంచి తెచ్చిన కొండపల్లి ఏనుగు అంబారీ పాప బల్ల మీద ఉంటుంది. దాని వీపులాంటి కారు కావాలంది. నా పెట్టె దానికి పనికిరాలేదు. చిన్న రంపంతో మూడు సాయంత్రాలు కోసి, ఆకురాయితో గుండ్రంగా రుద్ది, అంబారీ ఎరుపు రంగు వేసుకుంది. బరువు వెనక యాక్సిల్‌కి అంగుళం ముందు నిలిచేలా టంగ్‌స్టన్ అనే బరువైన లోహపు ముక్కలు ఏనుగు కడుపులో పెట్టాం. సీసం మా ఇంట్లోకి రానివ్వను. ఆ కారు వేగంలో మధ్యస్థంగా నిలిచింది, కానీ తిన్నగా వెళ్లింది.

ఒక్కటే చేసుకునే తీరిక ఉంటే రంధ్రాల బిగింపు చేయండి, బుషింగులతో. మాది పోయిన ఏడాది పక్కింటి పిల్లలు అరువు తీసుకున్నారు, ఈ ఏడాదీ అడిగారు. అందుకే ఇంకోటి చేస్తున్నాం. మేపుల్ పట్టీలు కోసి ఉంచాను. మూలమట్టం పెట్టి గీతలు గీసింది ఈసారి మావాడు, "ముందు", "వెనక" రాసింది పాప.