మాల్టా ప్యాకేజీ కొనేవారికి హెచ్చరిక: కూలిపోయినదాన్నీ, ఉచితంగా చూడగలిగినదాన్నీ కూడా అమ్ముతున్నారు

మాల్టా దీవులకు విహారయాత్ర ప్యాకేజీ కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని మనవి. మాకు ఆన్‌లైన్‌లో ప్యాకేజీ అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. దాదాపు అవే ఫొటోలతో, అవే మాటలతో మరికొందరు అమ్మకందారులు కూడా ప్రకటనలు ఇస్తున్నారు కాబట్టి, ఆ ప్రకటనల్లో ఏది ఎందుకు నమ్మకూడదో చెప్పడమే మీకు ఎక్కువ ఉపయోగం.

ప్రకటనలో అన్నిటికన్నా పెద్ద ఫొటో అజూర్ విండోది. గోజో దీవి పడమటి తీరాన ద్వేయ్రా వద్ద సముద్రంలోకి చొచ్చుకొని నిలిచిన ఆ సహజ శిలాతోరణం 2017 మార్చి 8న తుఫాను తాకిడికి పూర్తిగా కూలిపోయింది. అయినా మాకు పంపిన కార్యక్రమ పత్రంలో ‘అజూర్ విండో సందర్శన’ అని స్పష్టంగా ఉంది. తీరా అక్కడికి వెళ్లాక గైడ్ ఖాళీ సముద్రం వైపు చేయి చూపించి, తోరణం ఒకప్పుడు ఇక్కడే ఉండేదని చెప్పి ఊరుకున్నాడు. నిజానికి ద్వేయ్రాలో ఇప్పటికీ చూడవలసినవి ఉన్నాయి: కొండను తొలిచిన సొరంగం గుండా బయటి సముద్రంతో కలిసే ఇన్‌లాండ్ సీ అనే మడుగు, డైవర్లు దిగే బ్లూ హోల్, తీరానికి ఎదురుగా నిలువుగా లేచిన ఫంగస్ రాక్. వీటిని చూపిస్తామని చెప్పి అమ్మి ఉంటే మాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు.

మాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించింది హైపోజియం విషయం. పావోలా పట్టణంలో ఇళ్ల నిర్మాణానికి నీటి తొట్లు తవ్వుతుండగా 1902లో బయటపడిన ఈ భూగర్భ సమాధి సముదాయం ఐదు వేల ఏళ్లకు పైబడినది. రాతిని తొలిచి మూడు అంతస్తులుగా మలచిన ఇందులో సుమారు ఏడు వేల మంది అవశేషాలు ఉండేవని అంచనా. మనుషుల ఊపిరి, తేమ వల్ల లోపలి ఎర్రని చిత్రణ చెడిపోకుండా ఉండేందుకు ఒక్కో బృందంలో పది మందినే, రోజుకు కొద్ది బృందాలనే లోపలికి పంపుతారు. అందుకే టికెట్లు వారాల ముందు, రద్దీ కాలంలో నెలల ముందే అయిపోతాయి. మా ప్యాకేజీలో ‘హైపోజియంలోకి నేరుగా ప్రవేశం’ అని రాసి దానికి విడిగా సొమ్ము తీసుకున్నారు, కానీ టికెట్ నంబరు గాని, ప్రవేశ సమయం గాని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. చివరికి గుమ్మం దాకా తీసుకెళ్లి, ఈ రోజు ఖాళీ లేదట అన్నారు. ఈ టికెట్లను మాల్టా ప్రభుత్వ వారసత్వ సంస్థ హెరిటేజ్ మాల్టా తన వెబ్‌సైట్‌లో నేరుగా అమ్ముతుంది. తేదీ, గంట ఉన్న టికెట్ మీ చేతికి రానిదే ఎవరికీ ఒక్క యూరో కూడా కట్టకండి. ఆరేళ్ల లోపు పిల్లలను లోపలికి అనుమతించరన్న సంగతి కూడా మాకు అమ్మినవారు చెప్పలేదు. చిన్న పిల్లలతో వెళ్లే కుటుంబాలు ఇది తప్పక గమనించాలి.

కొమినో దీవి పక్కనున్న బ్లూ లగూన్ అనే సముద్రపు మడుగుకు జనం మితిమీరి రావడంతో, దీవి మీద దిగేవారు ముందుగా సమయం నమోదు చేసుకోవాలనే నియమాన్ని 2025లో తెచ్చారు. ఆ నమోదు ఉచితం. మా బిల్లులో మాత్రం దానికి ‘ప్రవేశ రుసుము’ వేశారు. మ్దీనా కోట ప్రవేశానికీ, రాజధాని వాలెట్టాలోని అప్పర్ బరక్కా తోటకూ సొమ్ము వసూలు చేశారు. మ్దీనా నేటికీ జనం నివసించే పాత పట్టణం, దాని వీధుల్లో ఎవరైనా ఉచితంగా తిరగవచ్చు. గ్రాండ్ హార్బర్ కనిపించే ఆ తోటకు కూడా టికెట్ లేదు, మధ్యాహ్నం పన్నెండింటికి పేల్చే ఫిరంగిని పై నుంచి ఊరికే చూడవచ్చు. ప్రధాన దీవిలోని చిర్కెవ్వా నుంచి గోజోకు వెళ్లే పెద్ద ఫెర్రీకి వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడు మ్జార్ రేవులో ఒకేసారి తీసుకుంటారు. అలాంటప్పుడు రానూపోనూ వేర్వేరు ఛార్జీలు ఎవరైనా చూపిస్తే నిలదీయండి.

వాలెట్టాలో సెయింట్ జాన్స్ కో-కేథడ్రల్‌కు మాత్రం టికెట్ ఉంది, ఆ ధరకు అది పూర్తిగా తగినది. ఇటలీ చిత్రకారుడు కరవాజియో 1608లో చిత్రించి, తన పేరు సంతకం చేసిన ఏకైక చిత్రం అక్కడే ఉంది. అయితే ఆదివారం సందర్శకులను అనుమతించరు. మా కార్యక్రమంలో దాన్ని సరిగ్గా ఆదివారమే పెట్టారు. ఆ దీవులతో కాస్త పరిచయం ఉన్నవారెవరూ అలా పెట్టరు.

పడవ ప్రయాణాల విషయంలో ఒక మాట లిఖితపూర్వకంగా తీసుకోండి. గాలి ఎక్కువైతే కొమినో పడవలు, బ్లూ గ్రోట్టో గుహల పడవలు ఆపేస్తారు. అది భద్రత కోసమే, దాన్ని తప్పు పట్టలేము. కానీ పడవ ఆగినప్పుడు సొమ్ము వెనక్కి ఇస్తారా, మరో రోజుకు మారుస్తారా అన్నది ఒప్పందంలో ఉండాలి. మా పత్రంలో ఆ ఊసే లేదు, పడవ ఆగింది, సొమ్ము రాలేదు. మేము కార్డుతో చెల్లించాము కాబట్టి ప్రకటన కాపీ, కార్యక్రమ పత్రం, చెల్లింపు రసీదు జతచేసి బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చాము. మీరు కూడా కార్డుతోనే చెల్లించండి, ఎవరి వ్యక్తిగత ఖాతాకూ నేరుగా డబ్బు పంపకండి, ప్రకటన పేజీని కొన్న రోజే భద్రపరచుకోండి, ఎందుకంటే మేము ఫిర్యాదు చేసిన తరువాత మాకు అమ్మినవారు ఆ పేజీలోని అజూర్ విండో పేరును తొలగించారు.