నోస్ఫెరాటు క్లాన్: ముందు మాస్క్, ఆ తర్వాతే మిగతావి

బల్ల చుట్టూ కూర్చుని రక్తపిశాచుల పాత్రలు పోషించే ఆట వాంపైర్: ది మాస్కరేడ్. దాని ఐదో ఎడిషన్ (2018) ఆడేవాళ్లలో చాలామంది నోస్ఫెరాటు (వికృత రూపం ఉన్న రక్తపిశాచుల క్లాన్, అంటే వంశం) శాపాన్ని తప్పుగా చదువుకుని వస్తారు. మనిషి కంట పడితే చాలు, మాస్కరేడ్ (మనుషులకు తెలియకుండా దాగి ఉండాలన్న రక్తపిశాచుల నియమం) భంగమైపోయినట్టే అనుకుని మురుగుకాలువ దాటి బయటికి రారు. పుస్తకంలో అలా లేదు. చూసిన మనిషి జడుసుకుంటాడు, మొహం తిప్పుకుంటాడు, ఏ రోగమో కాలిన గాయాలో అనుకుంటాడు. రక్తపిశాచి అని మాత్రం చూడగానే పోల్చుకోడు. ఈ ఒక్క విషయం స్టోరీటెల్లర్‌తో (ఆట నడిపేవారితో) ముందే తేల్చుకోకపోతే మీ పాత్ర ఆటంతా సొరంగంలోనే గడుపుతుంది.

శాపానికి రెండు భాగాలు. మొదటిది, రెండు డాట్ల (డాట్ అంటే స్థాయిని కొలిచే చుక్క) రిపల్సివ్ ఫ్లా, అంటే అసహ్యమైన రూపమనే లోపం, మీకు ఉన్నట్టే లెక్క. రూపానికి పని ఉన్న సోషల్ రోల్స్‌లో రెండు డైస్ (పది ముఖాల పాచికలు) పోతాయి, లుక్స్ మెరిట్‌ను (అందమనే సుగుణాన్ని) ఎప్పటికీ పెంచుకోలేరు. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఆ కోత పెట్టడం అన్యాయం, గట్టిగా అడగండి. రెండోది, మనిషిలా వేషం వేసే ప్రతి ప్రయత్నంలోనూ బేన్ సివియారిటీ (శాపం తీవ్రత) అంత డైస్ కోత పడుతుంది. సవరించిన పట్టికలో బ్లడ్ పొటెన్సీ (రక్తబలం) 1 దగ్గర అది 2. మాస్క్ ఆఫ్ ఎ థౌజండ్ ఫేసెస్ (మామూలు మనిషి మొహంతో కనిపించే శక్తి, ఇకపై మాస్క్) వాడినా దీన్నుంచి మినహాయింపు లేదు. మామూలు మనుషుల మధ్య దీని నొప్పి తెలియదు, ఎందుకంటే అక్కడ రోల్ అవసరమే రాదు. ఎలీసియంలో (రక్తపిశాచులు కలుసుకునే తటస్థ స్థలంలో) సెన్స్ ది అన్‌సీన్ (దాగినదాన్ని పసిగట్టే శక్తి) ఉన్నవాడు ఎదురుపడినప్పుడే మీ విట్స్ (సమయస్ఫూర్తి) + ఆబ్ఫస్కేట్ (కనబడకుండా దాగే డిసిప్లిన్, అంటే శక్తుల వర్గం) లోంచి రెండు డైస్ జారిపోయి ముసుగు ఊడుతుంది. అందుకే సాటి రక్తపిశాచుల ముందు మాస్క్ వేసుకోవడం వృథా ప్రయాస అంటాను. వాళ్ల దగ్గర సొంత మొహంతోనే వెళ్లండి.

ఇక అసలు లెక్క. మాస్క్ ఆబ్ఫస్కేట్ మూడో స్థాయి శక్తి. మొదట్లో మీకు ఇచ్చేది ఒక క్లాన్ డిసిప్లిన్‌లో రెండు డాట్లు, ఇంకోదాంట్లో ఒకటి. మూడో డాట్ తర్వాత కొందాంలే అనుకుంటే 15 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు) కావాలి. సెషన్‌కు ఒకటి, కథ ముగిసినప్పుడు ఇంకొకటి వచ్చే బల్ల దగ్గర అది నెలల మాట. దగ్గరి దారి ప్రిడేటర్ టైప్, అంటే మీ పాత్ర వేటాడే తీరు. శాండ్‌మ్యాన్ (నిద్రపోయేవాళ్ల రక్తం తాగేవాడు) గానీ బ్యాగర్ (సంచి రక్తం తాగేవాడు) గానీ తీసుకుంటే ఆబ్ఫస్కేట్‌లో ఒక డాట్ ఉచితంగా వస్తుంది, దానికి మీ రెండూ కలిపితే మొదటి రాత్రికే మాస్క్ చేతిలో ఉంటుంది. నా ఓటు శాండ్‌మ్యాన్‌కే. వేటకు డెక్స్‌టెరిటీ (చురుకుదనం) + స్టెల్త్ (దొంగచాటుగా కదలడం), ఈ క్లాన్‌కు ఎలాగూ పెంచుకోవాల్సినవే. బ్యాగర్‌కు ఐరన్ గల్లెట్ (పాడైన రక్తాన్నీ తాగగలిగే మెరిట్) వస్తుంది, నిజమే, కానీ వెంట రెండు డాట్ల ఎనిమీ కూడా వస్తాడు. పైగా బ్లడ్ పొటెన్సీ 2కు చేరగానే సంచి రక్తం సగం ఆకలే తీరుస్తుంది.

మాస్క్‌కు సన్నివేశానికొక రౌజ్ చెక్, అంటే శక్తి వాడినందుకు వేసే ఒక పాచిక. ఆరు కన్నా తక్కువ పడితే హంగర్ (ఆకలి) ఒకటి పెరుగుతుంది, అంటే సరిగ్గా సగం అవకాశం. రాత్రికి నాలుగు చోట్ల తిరిగితే సగటున రెండు హంగర్, నిద్ర లేచినందుకు పెట్టే చెక్ అదనం. పనులన్నీ ఒకే సన్నివేశంలోకి కుదించడం నేర్చుకోండి. కెమెరాల సంగతి వేరు: ఆబ్ఫస్కేట్ చూసేవాడి మనసును మోసం చేస్తుంది గానీ లెన్సును కాదు. దానికి ఘోస్ట్ ఇన్ ది మెషిన్ ఉంది, అదీ మూడో స్థాయిదే. కాబట్టి నాలుగో డాట్ కొన్నప్పుడు వ్యానిష్ వదిలేసి కింది స్థాయి నుంచి దీన్ని తీసుకోవడం తెలివైన పని. ఎదుటివాడు చూస్తుండగా మాయమవ్వాల్సిన అవసరం అరుదు, సీసీ కెమెరా లేని వీధి అంతకన్నా అరుదు.

యానిమలిజంలో (జంతువులకు సంబంధించిన డిసిప్లిన్) ఒక్క డాట్ పెట్టి ఎలుకను ఫామ్యులస్ (కట్టుబడి ఉండే జంతువు) చేసుకున్నవాళ్లకు తర్వాత నీరసం తప్పదు. దానికి చిన్న చిన్న ఆజ్ఞలు ఇవ్వొచ్చు, ఏం చూసిందో చెప్పించుకోలేరు. అందుకు రెండో స్థాయిలోని ఫెరల్ విస్పర్స్ కావాలి (10 ఎక్స్‌పీ, ఫామ్యులస్ మీద వాడితే రౌజ్ చెక్ లేదు). మాస్క్ కొన్నాక తర్వాతి ఖర్చు ఇదే కావాలి. గోడలకు చెవులుంటాయన్న మాట అప్పుడు నిజమవుతుంది. ఎలుకను అంకెలూ పేర్లూ అడక్కండి, ఎవరి వాసన కొత్తగా ఉంది, ఏ తలుపు తెరిచి ఉంది అని అడగండి. పోటెన్స్ (ఒంటి బలానికి సంబంధించిన డిసిప్లిన్) గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అందులో ప్రౌవెస్ అనే శక్తి దాకా చాలు.

బల్ల దగ్గర గొడవలొచ్చేది క్రిప్టోఫీలియాతో. ఈ కంపల్షన్ (పాత్రను ఆవహించే వెర్రి తపన) పట్టుకుంటే రహస్యం వెతికే పని తప్ప మిగతా అన్నింటికీ రెండు డైస్ కోత, పైగా అంతకన్నా పెద్ద రహస్యం ఇస్తే తప్ప మీది ఎవరికీ చెప్పకూడదు. అది వదిలేది పనికొచ్చే రహస్యం దొరికినప్పుడే. ఆటగాడు 'చెప్పను పో' అని భీష్మించుకుంటే తోటివాళ్ల సాయంత్రం పాడవుతుంది. విరుగుడు స్టోరీటెల్లర్ చేతిలో ఉంది: ప్రతి సెషన్‌కు రెండు మూడు రహస్యాలు చీటీల మీద రాసి పెట్టుకోవాలి. ఎవరి గురించి, రుజువేమిటి, ఎవరు కొంటారు అని మూడే గీతలు. వాటిని బూన్‌ల (తిరిగి తీర్చాల్సిన ఉపకారాల) రూపంలో అమ్ముకోవచ్చు, హార్పీ (ఆ బాకీలు చూసే రక్తపిశాచి) లెక్క రాసుకుంటుంది. ఇలా రహస్యాలకు ధర లేని ఆటలో, అంటే వారం వారం కొట్లాటే నడిచే చోట, ఈ క్లాన్ వద్దు. కొట్లాటకు సరిపోయే బ్రూహా క్లాన్ తీసుకోండి.

యాట్రిబ్యూట్లలో (పాత్ర మూల గుణాల్లో) ఏదో ఒకదానికి ఇవ్వాల్సిన ఆ ఒక్క 1 కరిస్మాకు (ఆకర్షణకు) పెట్టండి, మ్యానిప్యులేషన్‌ను (మాటలతో దారికి తెచ్చుకునే నేర్పును) మాత్రం 3 కన్నా తగ్గించొద్దు. బేరమాడేది దానితోనే.

ఇరవయ్యో వార్షికోత్సవ ఎడిషన్‌లో (2011) ఆడేవాళ్లకు కథ వేరు. అక్కడ అప్పియరెన్స్ (రూపం) సున్నా, దాన్ని పెంచే దారి లేదు. కానీ మొదటి మూడు డాట్లూ ఆబ్ఫస్కేట్‌లోనే పోయవచ్చు, కాబట్టి మాస్క్ కోసం ప్రిడేటర్ టైప్ తిప్పలేవీ ఉండవు.