వేపర్‌వేవ్: కొన్నేళ్లు పనిలో పెట్టుకుని విన్నాక నా సమీక్ష

వేపర్‌వేవ్ అనే సంగీత శైలిలో కొత్తగా వాయించేది తక్కువ. 1980ల్లో, 90ల్లో వచ్చిన అమెరికన్, జపనీస్ పాప్ పాటలు, స్మూత్ జాజ్, టీవీ యాడ్ల సంగీతం, షాపుల్లో వెనకాల మోగే లౌంజ్ ముక్కలు తీసుకుని, వేగం తగ్గించి, కోసి, అదే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పి, ఎకో కలుపుతారు. వేగం తగ్గినప్పుడు శ్రుతి కూడా దిగిపోతుంది. ఆడగొంతు మగగొంతులా బరువెక్కుతుంది.

అమలాపురంలో మాది ఫొటో స్టూడియో. మాఘం, శ్రావణం వచ్చాయంటే పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ తెల్లవార్లూ నడుస్తుంది. సినిమా పాటలు పెట్టుకుంటే మనసు పాట వెంట పోతుంది, పని ఆగుతుంది. అందుకే కొన్ని సీజన్లుగా రాత్రిపూట మా స్పీకర్లలో ఇదే మోగుతోంది.

చాలామంది మొదట వినేది ‘ఫ్లోరల్ షాప్’. మెకింటాష్ ప్లస్ అనే పేరుతో వెక్ట్రాయిడ్ అనే అమెరికన్ సంగీతకారిణి 2011 డిసెంబరులో విడుదల చేసిన ఆల్బమ్. ఇందులో అందరికీ తెలిసిన రెండో ట్రాక్ డయానా రాస్ 1984లో పాడిన ‘ఇట్స్ యువర్ మూవ్’ నుంచి వచ్చింది. వెనకటికి టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోవస్తే పాట ఎలా సాగుతూ వచ్చేదో, అలాంటి సాగుడే ఇక్కడ కావాలని చేశారు. మా అసిస్టెంట్ కుర్రాడు మొదటిసారి విని, “అన్నా, సిస్టంలో ఏదో పోయింది” అంటూ వెళ్లి స్పీకర్ వైర్లు కదిపి చూశాడు.

ఆ ట్రాక్ బాగుంటుంది, కానీ ఇన్నేళ్ల తర్వాత నేను ఎక్కువగా వింటున్నది దాని తర్వాతి భాగం. అక్కడ గొంతులు తగ్గి వాయిద్యాలు ముందుకొస్తాయి. మామూలు వేగంలో చెవికి ఆనకుండా పోయే బేస్ గిటార్ జారుడు, సింథసైజర్ స్వరం ఆరిపోయే ముందు వణకడం, డ్రమ్ దెబ్బ తర్వాత మిగిలే గాలి అన్నీ విడివిడిగా తెలుస్తాయి. ఆనాటి స్టూడియో వాయిద్యకారులు ఎంత శ్రద్ధగా వాయించారో నాకు అర్థమైంది ఈ ఆల్బమ్ వల్లే. మన పాత పాటలు కొన్ని ఇలాగే నెమ్మదించి చూశాను. తబలా, డోలక్ ఉన్నచోట దెబ్బలో పదును పోయి మొద్దుగా వినిపించింది. సింథ్, ఎలక్ట్రిక్ పియానో ఉన్నచోట మాత్రం చాలా అందంగా వచ్చింది. స్వరం ఎక్కువసేపు నిలబడే వాయిద్యాలకే ఈ పద్ధతి నప్పుతుందని నా నమ్మకం.

‘ఫ్లోరల్ షాప్’కి ముందు 2010లో అమెరికన్ సంగీతకారుడు డేనియల్ లోపాటిన్ ‘చక్ పర్సన్’ పేరుతో తెచ్చిన ‘ఎకోజామ్స్’ క్యాసెట్ ఉంది. 90ల్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో డీజే స్క్రూ ర్యాప్ పాటలను నెమ్మదించిన పద్ధతి ఛాయలు ఇందులో వినిపిస్తాయి. గొప్ప పనితనం. కానీ పని చేసుకుంటూ వినడానికి పనికిరాదు. ఒకే మాటను పట్టుకుని తిప్పుతుంటే గుండె బరువెక్కుతుంది. కూర్చుని, అదొక్కటే వినాలి.

డిజైనింగ్‌కి మాత్రం మాల్‌సాఫ్ట్‌ను, అంటే షాపింగ్ మాల్‌లో ఉన్నట్టు అనిపించే వేపర్‌వేవ్ రకాన్ని, మించింది లేదు. నెదర్లాండ్స్‌కు చెందిన క్యాట్ సిస్టమ్ కార్ప్ 2014లో తెచ్చిన ‘పామ్ మాల్’ నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ఆల్బమ్. పెద్ద షాపింగ్ మాల్‌లో సంగీతం దూరం నుంచి వస్తున్నట్టు, దాని చుట్టూ జనం అలికిడి ఉన్నట్టు కట్టారు. అంత పెద్ద మాల్ మా చుట్టుపక్కల లేదు. అయినా అర్ధరాత్రి ఒక్కడినే ముహూర్తం ఫొటోలు కట్ చేస్తుంటే, ఆ అలికిడి తోడుగా ఉంటుంది. వాల్యూమ్ తక్కువగా పెట్టాలి. పెంచితే ఆ దూరం పోతుంది.

ప్రీ వెడ్డింగ్ షూట్లకు దిండి, అంతర్వేది వైపు వెళ్లేటప్పుడు కారులో సెయింట్ పెప్సీ అనే సంగీతకారుడి ‘హిట్ వైబ్స్’ ఆల్బమ్ పెడతాం. 2013లో వచ్చింది, వేపర్‌వేవ్‌లో ఈ రకాన్ని ఫ్యూచర్ ఫంక్ అంటారు, హుషారైన డిస్కో లూపులు (మళ్లీ మళ్లీ తిప్పే ముక్కలు). పెళ్లికూతురు, పెళ్లికొడుకు టెన్షన్‌గా ఉంటే ఇది బాగా పనిచేస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఏదో ఒక పాట తీసుకుని వేగం తగ్గించి, కవర్ మీద గులాబీ రంగులో ఒక పాలరాతి బొమ్మ అతికించి వదిలేసినవి కుప్పలుగా ఉన్నాయి. లూప్ ఎక్కడ తెగాలో ఆలోచించనిది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంకొకటి నన్ను బాగా బాధపెట్టే విషయం: అసలు పాడినవాళ్ల పేర్లు చాలా ఆల్బమ్‌ల మీద ఉండవు. నచ్చిన ముక్క ఎక్కడిదో వెతికి అసలు పాట కూడా వింటాను, మీరూ వినండి. శాంపిల్స్, అంటే వేరే పాటల నుంచి తీసుకున్న ముక్కల, హక్కుల చిక్కుల వల్ల కొన్ని ఆల్బమ్‌లు మామూలు స్ట్రీమింగ్ యాప్‌లలో దొరక్కపోవచ్చు. సంగీతం అమ్మే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో చూడండి, అక్కడ డబ్బు కట్టి ఫైల్ దించుకుంటే నెట్ లేకపోయినా వినొచ్చు. వానాకాలంలో మాకు అదే ఆధారం.

కొత్తవాళ్లు ‘హిట్ వైబ్స్’తో మొదలుపెట్టి, తర్వాత ‘ఫ్లోరల్ షాప్’కి రండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ వినపడదు. మామూలు హెడ్‌ఫోన్స్ చాలు.