చెరిగిపోయే పెన్ను: అనంతపురంలో మాయం, మిన్నియాపొలిస్‌లో ప్రత్యక్షం

ఇస్త్రీపెట్టె తగిలితే మాయమయ్యే పెన్ను గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఎన్ని రంగుల్లో వస్తుంది, రీఫిల్ ఎంత, ఎక్కడ దొరుకుతుంది లాంటివి మళ్ళీ చెప్పను. క్రాస్ స్టిచ్ కోసం, అంటే గళ్ళ బట్ట మీద గడికొక ఇంటూ గుర్తు కుట్టి బొమ్మ తెచ్చే పని కోసం, కొన్నేళ్ళుగా దీన్నే వాడుతున్నాను. దీని మీద నాకున్న కోపం ఒక్కటే. చెరిగిపోతుంది అని పెద్ద అక్షరాలతో వేసి అమ్ముతారు గానీ, మళ్ళీ వస్తుంది అన్న సంగతి మాత్రం వెతికితే తప్ప కనపడనివ్వరు.

గీతలు ఎందుకంటారా? నేను కుట్టేది ఎక్కువగా 14 కౌంట్ అయిదా బట్ట మీద, అంటే అంగుళానికి 14 గళ్ళు. ఏ గడిలో ఏం కుట్టాలో చూపే చార్టులో ప్రతి పది గళ్ళకీ ఒక లావు గీత ఉంటుంది. బట్ట మీద కూడా అలాగే గీసుకుంటే ఎక్కడ ఉన్నామో ప్రతిసారీ మొదట్నుంచి లెక్కపెట్టుకునే బాధ తప్పుతుంది. ఒక్క గడి అటూ ఇటూ అయిందంటే కుట్టే ఇంటి బొమ్మలో గోడకీ పైకప్పుకీ పొంతన కుదరదు. అది తెలిసేది కూడా కప్పు సగం కుట్టాకే. పైగా నేను పేర్లు తెలుగులో కుడతాను. ఇంగ్లీషు అక్షరాలకు చార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, తెలుగుకు గ్రాఫ్ పేపర్ మీద మనమే గీసుకోవాలి. మన అక్షరాలన్నీ గుండ్రన, గళ్ళేమో చదరం. ‘శ్రీ’ ఒక్కటి కుట్టాలంటే పైన గుడిదీర్ఘానికి చోటు, కింద రావత్తుకు చోటు వదలాలి. వంపు దగ్గర మెట్లు మెట్లుగా కనపడకుండా చివర్లో ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్, అంటే గీతలా వచ్చే కుట్టు, తిప్పాలి. ఇంత లెక్క గీతల్లేకుండా నా వల్ల కాదు.

ఇదివరకు నీళ్ళతో పోయే నీలం పెన్ను వాడేదాన్ని. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కరెంటు పోయిందంటే అరచేతి చెమటకే ఆ గీతలు అలుక్కుపోయేవి. పూర్తిగా జాడించకముందు ఇస్త్రీ తగిలిందా, ఆ నీలం అక్కడే పాతుకుపోతుంది. సబ్బు నీళ్ళలో నేరుగా ముంచినా డౌటే, ముందు వట్టి చన్నీళ్ళలో తీయాలి. మా బోరు నీళ్ళు చూస్తే ఉప్పు, ముదురు రంగు బట్ట ఆరాక తెల్లటి చార మిగిలేది. అందుకని తాగే క్యాన్ నీళ్ళే బేసిన్‌లో పోసి జాడించేదాన్ని. "తాగే నీళ్ళతో గుడ్డలుతికే ఇల్లు ఈ ఊర్లో మనదే" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. పాతూరులో మగ్గం వర్క్ వాళ్ళను అడిగి చూశాను. వాళ్ళ పద్ధతి వేరు. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్ వెంట సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దుతారు. బ్లౌజు మీద నెమలి వేయడానికి అది బాగుంటుంది, పది పది గళ్ళ లెక్కకు పనికిరాదు.

అలాంటి టైంలో ఈ పెన్ను చేతికొచ్చింది. సన్నటి మొన, గీత తేట, చెమటకు పోదు. కుట్టంతా అయ్యాక బట్టను టర్కీ టవల్ మీద బోర్లించి వెనకవైపు ఇస్త్రీ చేస్తే చాలు, చూస్తుండగానే ఒక్కో గీతా వెళ్ళిపోయేది. హెయిర్ డ్రయర్ గాలికి కూడా పోతుంది. మా వీధి పిల్లలకు అదొక మ్యాజిక్ షో. నాతోపాటు కుట్టేవాళ్ళందరి చేతా కొనిపించాను.

అప్పుడప్పుడూ దీని చేష్టలు నవ్వు తెప్పించేవి కూడా. ఒకసారి మావారు స్టీలు గ్లాసులో పొగలు కక్కే కాఫీ తెచ్చి, టీపాయ్ మీద పరిచిన బట్ట మీదే పెట్టేశారు. గ్లాసు తీసి చూస్తే ఒక్క చుక్క మరక లేదు, కానీ గ్లాసు అడుగు మేర గుండ్రంగా గీతలు లేవు. చుట్టూ గళ్ళు, మధ్యలో సున్నా. ఇంకోసారి ధర్మవరం పెళ్ళికి కారులో వెళ్ళినప్పుడు సంచి వెనక అద్దం కింద ఉండిపోయింది. సాయంత్రం తీస్తే పైమడత మీద ఒక్క గీత లేదు, లోపలి మడతల్లో అన్నీ ఉన్నాయి. ఈ సిరాకు దాదాపు 60 డిగ్రీలు చాలు. మే నెల ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారులో ఆ వేడి ఇట్టే వస్తుంది. సరే, మళ్ళీ గీసుకున్నాను. అప్పటికి దాన్నొక ముద్దొచ్చే లోపంగానే చూశాను.

అసలు కథ మా చెల్లెలి పెద్ద కూతురికి పాప పుట్టినప్పటిది. వాళ్ళుండేది అమెరికాలో, మిన్నియాపొలిస్. పాప పుట్టిన గుర్తుగా సాంప్లర్, అంటే అక్షరాలూ బొమ్మలూ పేరూ తేదీ కుట్టిన గుడ్డ, కుడదామనుకున్నాను. పైన తెలుగులో అ నుంచి ఱ వరకు, మధ్యలో పెంకుటిల్లు, రెండు వైపులా చింతచెట్లు, కింద పాప పేరు, పుట్టిన తేదీ, ఊరు. పాప కూర్చునే వయసు వచ్చేసినా నా ‘ఠ’ దాటలేదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బోస్టాక్ అనే ఆవిడ 1598లో కుట్టిన సాంప్లర్ ఉంది. తేదీ వేసిన బ్రిటిష్ సాంప్లర్లలో అదే అన్నిటికన్నా పాతదంటారు. అందులో ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23న పుట్టిందని కుట్టి ఉంది. పుట్టింది 1596లో, కుట్టు మీద ఏడాది 1598! నాలుగు వందల ఏళ్ళ కింద కూడా పాప నడిచే వేళకే బట్ట తయారైందని తెలిసి నాకు కాస్త ఊరట.

మొత్తానికి పూర్తి చేశాను. చన్నీళ్ళలో జాడించి, నీడలో ఆరేసి, వెనకవైపు ఇస్త్రీ చేశాను. గీతలన్నీ పోయి మీగడ రంగు బట్ట శుభ్రంగా ఉంది. అద్దం పగులుతుందని ఫ్రేము కట్టించలేదు. కార్డుబోర్డు గొట్టానికి చుట్టి కొరియర్‌లో పంపాను. డిసెంబరు చివర్లో బయల్దేరింది, జనవరిలో చేరింది. అక్కడ కొరియర్ వాళ్ళు గుమ్మం బయట పెట్టేసి పోతారు. వీళ్ళేమో ఊర్లో లేరు. రాత్రంతా మైనస్ 20 చలిలో ఆ గొట్టం గుమ్మంలోనే ఉంది.

మర్నాడు వీడియో కాల్. మా అమ్మాయి ముఖంలో సంతోషం ఉంది గానీ మధ్యలో ఏదో నసుగుడు. "చాలా బాగుంది పెద్దమ్మా... ఈ గళ్ళు కూడా డిజైనేనా? మా ఆయన గళ్ళ నోటుబుక్కు స్టైల్ అంటున్నాడు." నాకు అర్థం కాలేదు. కెమెరా దగ్గరగా పెట్టమన్నాను. చూస్తే నేను గీసిన ప్రతి గీతా తిరిగొచ్చింది. ఇల్లు మీదుగా, చింతచెట్ల మీదుగా, పాప పేరు మధ్యలోంచి పలచటి బూడిద రంగులో వరసగా. మావారు కాఫీ గ్లాసు పెట్టింది ఈ బట్ట మీదే, ఆ చోట మళ్ళీ గీసుకున్న గీతలు వేరుగా, పాతవి వేరుగా, రెండూ పక్కపక్కనే. నేనే మర్చిపోయిన గీతలు కూడా అందులో ఉన్నాయి. వాళ్ళ అత్తగారు వెనక నుంచి "చెక్స్ బాగున్నాయమ్మా" అన్నారు. ఆవిడ మెచ్చుకుంటున్నారో ఓదారుస్తున్నారో ఇప్పటికీ తెలీదు.

తర్వాత కూర్చుని చదివితే తేలింది ఇదీ. ఈ సిరా పోదు, రంగు మాత్రమే కోల్పోతుంది. అందులో ఉండే సన్నటి గుళికల్లో మూడు పదార్థాలు ఉంటాయట. రంగునిచ్చేది ఒకటి, ఆ రంగును పైకి తెచ్చేది ఇంకొకటి, వేడికి కరిగి ఆ రెంటినీ విడదీసేది మూడోది. విడిపోతే గీత కనపడదు. బాగా చల్లబడితే, సుమారు మైనస్ 10 దాటి ఇంకా కిందికి దిగితే, అవి మళ్ళీ కలుస్తాయి, గీత మళ్ళీ పైకొస్తుంది. సంతకాలకూ ముఖ్యమైన కాగితాలకూ ఈ సిరా వాడొద్దని తయారుచేసేవాళ్ళే చెబుతారు. బట్టల సంగతి మాత్రం ఎవరికి వారు తెలుసుకోవాల్సిందే.

నమ్మకం కుదరక ఒక ముక్క మీద గీసి, ఇస్త్రీ చేసి, మా సింగిల్ డోర్ ఫ్రిజ్ ఐస్ డబ్బాలో పెట్టాను. ఏమీ రాలేదు. "చూశావా, నువ్వు ఊరికే కంగారు పడతావు" అన్నారు మావారు. అదే ముక్కను పక్కింటి వాళ్ళ డబుల్ డోర్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచితే పొద్దున్నకి గీతలన్నీ వచ్చి కూర్చున్నాయి. పక్కింటావిడ తన బఠానీల కవర్ల మధ్య నుంచి దాన్ని తీసి ఇస్తూ "ఇదేం పిచ్చి వదినా" అంది.

మా అమ్మాయి అక్కడ మళ్ళీ ఇస్త్రీ చేసింది, మళ్ళీ పోయాయి. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. ఇళ్ళలో హీటర్లు ఉంటాయి కాబట్టి గోడ మీద ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. నా టెన్షన్ వేరే. చలికాలంలో ఇల్లు మారారనుకోండి, సామాను ట్రక్కులో ఒక రాత్రి ఉంటే చాలు. అప్పటికి అది అద్దం వెనక ఉంటుంది, ఇస్త్రీపెట్టె పెట్టే వీలుండదు. ఈ సంగతి తనకింకా చెప్పలేదు.

ఇంకో విషయం దీనికన్నా చిన్నదే గానీ నాకు ఎక్కువ మండింది. నేవీ బ్లూ బట్ట మీద తెల్ల దారంతో ముగ్గుల డిజైన్ ఒకటి మొదలుపెట్టి ఇదే పెన్నుతో గీశాను. ఇస్త్రీకి రంగు పోయింది, కానీ గీత ఉన్నచోటల్లా పాలిపోయిన జాడ మిగిలింది. ఉతికినా పోలేదు. ముదురు బట్ట మీద ఈ పెన్ను పెట్టొద్దని ఖాయంగా చెప్పగలను, ఇందులో ఇంకో మాట లేదు.

ఇప్పుడు దూరం పోయే వాటికి గాలపు దారం వాడుతున్నాను. చేపలు పట్టే సన్నటి నైలాన్ దారమే. పది గళ్ళకొకసారి పైకీ కిందికీ గుచ్చి వదిలేయడం, పని అయ్యాక కొస పట్టి లాగేయడం. మామూలు కుట్టుదారంతో చేస్తే సూది దాన్ని చీల్చుకుని పోతుంది, తీసేటప్పుడు పోగులు చిక్కుకుంటాయి. నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి ఆ గొడవ లేదు. కాకపోతే గీత గీసినంత తొందరగా అవదు. ఒక పెద్ద బట్టకు గుచ్చుకోవడానికే ఒక మధ్యాహ్నం పోతుంది, కళ్ళజోడు కూడా మార్చుకోవాలి. నాలాగా రిటైరై ఇంట్లో ఉన్నవాళ్ళకు సరే. ఆఫీసు నుంచి వచ్చి అరగంట కుట్టుకునేవాళ్ళను గాలపు దారం గుచ్చుకోమనడం న్యాయం కాదు.

పెన్ను మంచిదని అందరికీ చెప్పాను కదా, ఆ మాట ఇప్పటికీ అంటాను, బట్ట ఊరు దాటనంతవరకు. దిండు గలీబులు, టేబుల్ రన్నర్లు, పిల్లలకు నేర్పేటప్పుడు వాడే ముక్కలు, వీటికి ఇంతకన్నా హాయి ఇంకోటి లేదు. మా జిల్లా చలికి భయమే లేదు. లంబసింగిలో గోడకు తగిలించినా ఏం కాదు, అక్కడి చలి సున్నా దగ్గరే ఆగుతుంది. కానీ మన సీమ ఇళ్ళలో ఆర్మీలో ఉన్న పిల్లలు చాలామంది. లేహ్ వైపు పోస్టింగ్ ఉన్నవాళ్ళకు ఏదైనా కుట్టి పంపేటట్టయితే మాత్రం ఈ పెన్ను జోలికి పోకండి. అమెరికాలో, కెనడాలో చలి ప్రాంతాలకైనా ఇదే మాట. ఒకవేళ ఇప్పటికే గీసేసి ఉంటే, పంపేముందు ఎవరిదైనా మంచి ఫ్రీజర్ ఒక రాత్రికి అడగండి. గీత ఎంత తిరిగొస్తుందో కళ్ళారా చూసుకుని నిర్ణయించుకోవచ్చు. కొన్ని రంగులు మరీ ముదురుగా వస్తాయి, నా దగ్గరున్న వాటిలో నలుపే ఎక్కువ మొండిది.

నా డబ్బాలో రీఫిళ్ళు ఇంకా ఉన్నాయి, పారేయను. మా చెల్లెలి చిన్న కూతురు బెంగళూరులో ఉంటుంది, కొత్తింటికి ఒకటి కుట్టివ్వమంది. దానికి ఇదే పెన్నుతో గీస్తున్నాను. వాళ్ళకు బయటి దేశం వెళ్ళే ఆలోచన లేదని రెండు వైపుల నుంచీ కనుక్కున్నాకే మొదలుపెట్టాననుకోండి.