కడుపుతో ఉన్నవారు విదేశీ టికెట్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

నాకు 33 వారాలు నిండాయి. ఈపాటికి డాలస్‌లో ఉండవలసినదాన్ని, విజయవాడ పటమటలో మా పుట్టింట్లో, 2022 సంక్రాంతి అరిసెల వాసన మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను. వెళ్లలేదన్న బాధ లేదు. వెళ్లకూడదని చివరికి నేనే నిర్ణయించుకున్నాను. ఆ నిర్ణయానికి వచ్చేలోపు నా చేత లక్షా 34 వేలు కట్టించుకున్న ట్రావెల్ ఏజెంటు గురించే ఈ గోడు. ఆఫీసు బందరు రోడ్డులో ఉంది. పేరు రాయడం లేదు. ఫిర్యాదు పత్రాలు సిద్ధం చేసుకుంటున్నాను కనుక అక్కడే రాస్తాను. పైగా ఇలాంటి మాటలు చెప్పేది అతనొక్కడే కాదని నలుగురిని అడిగాక తెలిసింది.

ముందు మా పరిస్థితి చెప్పాలి. లేకపోతే ఏడో నెలలో ప్రయాణం పెట్టుకోవడమేమిటని మీరే నన్ను తిడతారు. 2021 ఏప్రిల్‌లో గుంటూరులో మా అత్తగారికి కోవిడ్ వచ్చి ఆక్సిజన్ పెట్టారని తెలిసి నేనూ మావారూ డాలస్ నుంచి పరుగున వచ్చాం. ఆవిడ కోలుకున్నారు, మేము ఇరుక్కుపోయాం. అంతకుముందు 14 రోజుల్లో భారత్‌లో ఉన్నవారిని మే 4 నుంచి అమెరికా ఆపేసింది. అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి, మరికొందరికి మాత్రమే మినహాయింపు. మావారు ఆగస్టులో మరో దేశంలో 14 రోజులు గడిపి అటునుంచి అటే వెళ్లారు. అప్పటికి నాకు మూడో నెల. మంచినీళ్లు తాగినా నిలిచేవి కావు. ముక్కూ మొహం తెలియని ఊరిలో హోటల్ గదిలో రెండు వారాలు ఉండే ఓపిక లేక నేను ఆగిపోయాను.

గర్భిణులకూ టీకా వేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ జులై 2న చెప్పింది. ఆగస్టు మొదట్లో కోవిషీల్డ్ మొదటి డోసు, 84 రోజులు ఆగి అక్టోబరు ఆఖర్లో రెండోది వేయించుకున్నాను. నవంబరు 8న అమెరికా తలుపు తీసింది, రెండు డోసులూ పూర్తయినవారికి. అప్పటికి నాకు సరిగ్గా 24 వారాలు.

సూర్యారావుపేటలో నన్ను చూసే డాక్టరమ్మ వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బిడ్డ అవయవాల ఎదుగుదల చూసే టిఫా స్కాన్ బాగుంది, బీపీ బాగుంది. “వెళ్తే 28 వారాల లోపు వెళ్లిపో. ఆ తర్వాత చాలా విమాన సంస్థలు డాక్టరు పత్రం అడుగుతాయి, 36 దాటితే చాలా సంస్థలు ఎక్కించుకోవు. కవలలైతే 32కే ఆపేస్తాయి” అన్నారు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం మామూలుకంటే తొందరగా గడ్డకడుతుందట. ఇక్కడినుంచి శంషాబాద్‌కు కారులో అయిదు గంటలు, ఆపైన విమానంలో ఇరవై గంటలు కాళ్లు వేలాడదీసుకుని కూర్చుంటే పిక్కల నరాల్లో గడ్డ ఏర్పడే ముప్పు ఉంటుంది. గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు బాగా తాగాలి, బిగుతు మేజోళ్లు వేసుకోవాలి, బెల్టు పొట్టమీద కాకుండా కింద తొడల మీదుగా పెట్టుకోవాలి అని చెప్పారు. కోవిడ్ గురించి మాత్రం గొంతు మారింది. నెలలు మీదపడిన గర్భిణికి సోకితే ఐసీయూ దాకా వెళ్లే అవకాశం, నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం మామూలు ఆడవాళ్లకంటే ఎక్కువని, టీకా ఆ ముప్పును తగ్గిస్తుందే కానీ తీసేయదని చెప్పారు.

తర్వాత ఒక ప్రశ్న వేశారు: “అక్కడ నీకు డాక్టరు ఎవరు?” నా దగ్గర జవాబు లేదు. నెలలు నిండుతున్న కొత్త పేషెంటును తీసుకోవడానికి అక్కడి డాక్టర్లు చాలామంది వెనకాడతారు. మావారు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే టికెట్ కొనవలసింది. తొందరపడ్డాను.

ఎందుకు తొందరపడ్డానో దాచను. అల్లుడు దగ్గర లేని సీమంతమేమిటని చుట్టాలు అనడం ఒకటి, ఒంటరితనం ఒకటి. ఏజెంటు వాడిన ఎర వీటన్నిటికంటే పెద్దది. “అక్కడ పురుడైతే బిడ్డకు పుట్టుకతోనే అమెరికా పాస్‌పోర్టు మేడమ్. ఇక్కడైతే ఆ పసిగుడ్డుకు మళ్లీ వీసా, మళ్లీ క్యూ. మీరే ఆలోచించుకోండి” అన్నాడు. అది అబద్ధం కాదు కాబట్టే బాగా పనిచేసింది.

నవంబరు 26న అతనే ఫోన్ చేశాడు. డిసెంబరు 15 నుంచి మామూలు అంతర్జాతీయ విమానాలు మళ్లీ మొదలవుతాయని కేంద్రం ఆ రోజే ప్రకటించింది. 2020 మార్చి నుంచి ఆగిపోయినవి అవి. ఇన్నాళ్లూ ఒక్కో దేశంతో విడిగా ఒప్పందం (ఎయిర్ బబుల్) కుదుర్చుకుని నడిపిన విమానాలే దిక్కు. “ఇప్పుడు బబుల్ టికెట్ కొంటే దండగ, డిసెంబరు 17కి చవకగా ఇప్పిస్తాను” అన్నాడు. నాకు అప్పటికి 26 వారాలు దాటాయి. 17వ తేదీకి 29 దాటుతాయి. డాక్టరమ్మ చెప్పిన 28 మాట గుర్తుచేశాను. “అవి డాక్టర్లు చెప్పే మాటలు మేడమ్, విమాన సంస్థల రూలు 36” అన్నాడు. ఆ రోజే ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వేరియంట్‌కు ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. రాత్రి టీవీలో ఆ వార్త చూశాను. మర్నాడు పొద్దున వెళ్లి డబ్బు కట్టి వచ్చాను. ఇప్పుడు తలచుకుంటే నాకే వింతగా ఉంది.

టికెట్ లక్షా 24 వేలు. ప్రయాణ బీమా 6,500. సేవా రుసుము 3,500. ఇందులో 60 వేలు నగదుగా ఇమ్మన్నాడు, ఇచ్చాను. దానికి తెల్ల కాగితం మీద సంతకం తప్ప బిల్లు లేదు.

డిసెంబరు 1న కేంద్రం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. విమానాలు 15 నుంచి మొదలుకావడం లేదని టీవీలో చెప్పారు. ఏజెంటుకు ఫోన్ చేస్తే “మీ విమానానికి ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి” అన్నాడు. 5వ తేదీన మా తమ్ముడు విమాన సంస్థ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) కొట్టి చూస్తే రద్దయిందని ఉంది. మరి నాకు కబురెందుకు రాలేదు? బుకింగులో నా ఫోన్ నంబరు, నా ఈమెయిల్ ఉండవలసిన చోట అతనివి పెట్టుకున్నాడు. రద్దు సమాచారం, తిరిగి చెల్లింపు సమాచారం అన్నీ అతనికే వెళ్లాయి. ఇక్కడ చాలామంది ఏజెంట్లకు ఇది అలవాటట. టికెట్ చేతికి రాగానే ముందు ఈ రెండు గడులు చూడండి.

నిలదీస్తే కొత్త ప్రతిపాదన తెచ్చాడు. డిసెంబరు 27కి బబుల్ విమానంలో సీటు ఉంది, ఇంకో 38 వేలు కట్టాలి. అప్పటికి నాకు 31 వారాలు నిండుతాయి. డాక్టరు పత్రం కావాలి కదా అన్నాను. అప్పుడు అతనన్న మాట కోసమే నిజానికి ఇదంతా రాస్తున్నాను. “మీ డాక్టరమ్మ ఇవ్వకపోతే ఫరవాలేదు, మాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు, 26 వారాలని రాసిస్తాడు, రెండు వేలు. మీరు వదులుగా ఉండే చుడీదార్ వేసుకోండి, కౌంటర్లో ఎవరూ అడగరు.”

విమానం గాలిలో ఉండగా నొప్పులొస్తే సిబ్బంది ఆ కాగితం చూసే నిర్ణయాలు తీసుకుంటారు. 31 వారాల బిడ్డను 26 వారాల బిడ్డ అనుకుని వైద్యం చేస్తారు. ఆ ముక్క అతనికి తట్టలేదనుకోను. తట్టినా 38 వేల ముందు నిలవలేదు. మా అమ్మ పక్కనే ఉంది. ఏడో నెలలో గడప దాటకూడదని మొదటినుంచీ పోరుతున్న మనిషి ఆ ఒక్క రోజు ఏమీ అనలేదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని పెట్టేసింది.

ఆ రాత్రి బీమా పత్రం మొత్తం చదివాను. కొనేముందు చదవవలసింది, ఒప్పుకుంటాను. మావారి కొత్త ఉద్యోగంలో ఆరోగ్య బీమా జనవరి 1 నుంచి మొదలవుతుంది. అప్పటిదాకా, దారిలోనూ, ఏమైనా అయితే ఆదుకుంటుందనే ఇది తీసుకున్నాను. “కాన్పు కూడా కవర్ అవుతుంది, కోవిడ్ కూడా” అని అతను నోటితో చెప్పాడు. నాకిచ్చింది ఒక పేజీ సర్టిఫికెట్. అసలు నిబంధనల పత్రం బీమా సంస్థ వెబ్‌సైట్‌లోంచి దించుకున్నాను. వర్తించనివి అన్న విభాగంలో గర్భం, ప్రసవం, గర్భస్రావం, వాటి వల్ల వచ్చే ఏ సమస్య అయినా అని స్పష్టంగా ఉంది. మినహాయింపు ఒక్క ఎక్టోపిక్ గర్భానికి, అంటే పిండం గర్భసంచి బయట పెరిగితే మాత్రమే. అది బయటపడేది మొదటి నెలల్లో. ఏడో నెలలో ఉన్న నాకు ఆ వాక్యం ఎందుకు? నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు ఇంక్యుబేటర్ ఖర్చు మాటే ఆ పత్రంలో లేదు. తర్వాత మరో మూడు సంస్థల విదేశీ ప్రయాణ పాలసీలు తిరగేశాను, మూడింటిలోనూ దాదాపు ఇదే వాక్యం. కాన్పు కవర్ అవుతుందని ఎవరైనా అంటే ఏ పేజీలో ఉందో వేలు పెట్టి చూపించమనండి.

కోవిడ్ పరీక్ష సంగతి కూడా అతనికి తెలియదు. 2021 డిసెంబరు 6 నుంచి అమెరికా వెళ్లేవారు విమానానికి ఒక్క రోజు లోపు చేయించుకున్న పరీక్ష చూపాలన్నది అప్పటి రూలు. 7వ తేదీన కూడా అతను 72 గంటలనే చెబుతున్నాడు. విజయవాడలో చేయించుకుని ఫలితం పట్టుకుని శంషాబాద్ చేరేసరికి ఎంత సమయం మిగిలేదో లెక్క వేసుకోండి.

మనసు పూర్తిగా మారింది మాత్రం డబ్బు వల్లా, పాలసీ వల్లా కాదు. మావారు ఫోన్లో ఒక మాట అడిగారు. దారిలో విమానం మారే ఊళ్లో జ్వరం వచ్చి, పరీక్షలో పాజిటివ్ అని తేలితే, అక్కడ నీ పక్కన ఎవరుంటారు? నిండు నెలల పొట్టతో, భాష తెలియని ఊళ్లో, క్వారంటైన్ గదిలో, చేతిలో గర్భానికి వర్తించని బీమాతో. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత ఆగిపోదామని అనుకోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మీ పరిస్థితి వేరుగా ఉండవచ్చు. 20 వారాల్లో ఉండి, అటుపక్క డాక్టరు, బీమా రెండూ కుదిరి ఉంటే నేనూ వెళ్లేదాన్నే.

ఇక డబ్బు. “విమాన సంస్థ డబ్బు ఇవ్వడం లేదు, క్రెడిట్ మాత్రమే, ఏడాదిలోగా వాడుకోండి” అన్నాడు. విమాన సంస్థకు నేరుగా ఈమెయిల్ పెట్టాను, పీఎన్ఆర్, పాస్‌పోర్టు మొదటి పేజీ జత చేసి. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. డిసెంబరు 10నే 1,12,300 రూపాయలు ఏజెంటు ఖాతాకు పంపేశామని. అంటే రెండు సంగతులు తేలాయి. డబ్బు అతని దగ్గర కూర్చుంది. అసలు టికెట్ ధర లక్షా 12 వేల చిల్లర, మిగతాది సేవా రుసుముకు అదనంగా అతను చెప్పకుండా వేసుకున్నది. ఆ ఈమెయిల్ అచ్చు తీసి ఆఫీసుకు తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. మనిషి మాట తగ్గింది. రెండు విడతల్లో 80 వేలు వచ్చాయి.

ఇలాంటి చోట ఇరుక్కున్నవారికి పనికొచ్చే విషయాలు. ఏజెంటు ద్వారా కొన్న టికెట్ అయినా డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత విమాన సంస్థదేనని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన చెబుతుంది, గడువు (2022 జనవరి నాటికి) 30 పని దినాలు. కాబట్టి “ఏజెంటును అడగండి” అని సంస్థ తప్పించుకుంటే ఆ నిబంధన ఎత్తి చూపండి, పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వినియోగదారుల కమిషన్‌కు మీరు నివసించే జిల్లాలోనే వెళ్లవచ్చు, 2019 చట్టం ఆ వీలు కల్పించింది. 5 లక్షల లోపు కేసుకు రుసుము లేదు. బీమా గొడవైతే ముందు సంస్థకు రాతపూర్వకంగా రాసి నెల ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) పంపండి. మన రాష్ట్రం వారి పరిధిలోకే వస్తుంది. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కనుక ఏజెంటు చెప్పిన ప్రతిదీ వాట్సాప్‌లో మళ్లీ రాయించుకోండి. నకిలీ సర్టిఫికెట్ మాట అతను ఫోన్లోనే అన్నాడు, రాయలేదు. ఆ జాగ్రత్త మాత్రం బాగా తెలుసు. నగదు ఇవ్వకండి, ఇస్తే జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి.

మావారు ఫిబ్రవరి 10కి వస్తున్నారు. విదేశాల నుంచి వచ్చేవారికి 2022 జనవరిలో ఏడు రోజుల ఇంటి క్వారంటైన్ పెట్టారు కదా, అదీ కలుపుకొని పురుటికి ముందే చేరేలా చూసుకున్నాం. ఆయన టికెట్ విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనే కొన్నారు, సొంత ఫోన్ నంబరుతో.

నాకు ఇంకా 32,300 రావాలి. బీమా, సేవా రుసుము లెక్క వేరే. నిన్న ఫోన్ చేస్తే సంక్రాంతి వెళ్లాక ఇస్తానన్నాడు. ఏ సంక్రాంతో చెప్పలేదు.