పల్లెటూరి పార్కు డే అవుట్ బుక్ చేసేముందు ఇది చదవండి ప్లీజ్

సమ్మర్ హాలిడేస్ కదా, పిల్లలకి పల్లెటూరు చూపిద్దామని సిటీ బయట ఉన్న ఆ హెరిటేజ్ ఫార్మ్ పార్కుకి టికెట్లు బుక్ చేసే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి. పేరు రాయట్లేదు, కానీ ఇన్‌స్టాలో రోజూ రీల్స్ వస్తున్నాయి, ఎర్రమట్టి గోడలు, తెల్లటి ముగ్గులు, మువ్వలు కట్టిన ఎడ్లబండి, వెనకాల సన్నాయి మ్యూజిక్, చూసినవాళ్ళకి అర్థమైపోతుంది. నిన్ననే వెళ్ళొచ్చాం. రాత్రంతా నిద్ర పట్టలేదు, ఇంకా ఒళ్ళు మండిపోతోంది, అందుకే తప్పులున్నా పట్టించుకోకుండా టైప్ చేసేస్తున్నా.

అమ్మా నాన్నా ఒంగోలు దగ్గర ఊరి నుంచి వచ్చారు. నాన్న జీవితమంతా వ్యవసాయమే, మోకాళ్ళు అరిగిపోయి మానేశారు గానీ ఇప్పటికీ రోడ్డు మీద ఎద్దు కనపడితే కారు ఆపించి చూస్తారు. మనవళ్ళకి తను బతికిన బతుకు చూపించొచ్చు అని ఆయనే ఎక్కువ సంబరపడ్డారు. పెద్దవాళ్ళకి తలా 1,200, పిల్లలకి 800, మొత్తం ఆరుగురికి 6,400 ఆన్‌లైన్‌లో కట్టాం. అందులో ఎడ్లబండి రైడ్, ఎద్దు గానుగ, కుమ్మరి సారె, పుంగనూరు ఆవులు, పల్లె భోజనం అన్నీ ఇన్‌క్లూడెడ్ అని క్లియర్‌గా రాసుంది, స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది.

గేటు దగ్గరే బ్యాగులు వెతికి మా వాటర్ బాటిల్స్ తీసేసుకున్నారు, లోపల స్టాల్‌లో 20 రూపాయల బాటిల్ 40. సరే పోనీలే అనుకున్నాం. కుమ్మరి సారె దగ్గర మనిషే లేడు. భోజనానికి ఒంటిగంటకి వెళ్తే జొన్నరొట్టెలు అయిపోయాయన్నారు, మిగిలింది ఏ ఫంక్షన్ హాల్లో అయినా దొరికే పనీర్ కూర, వెజ్ బిర్యానీ. వీటి గురించి నేను పోస్ట్ రాసేదాన్ని కాదు, ఎక్కడైనా ఉండే గోలే ఇది.

పుంగనూరు ఆవు అని బోర్డు పెట్టి కంచె లోపల ఒక బుజ్జి గోధుమరంగు ఆవుని కట్టేశారు, జనం సెల్ఫీలు దిగుతున్నారు, మా చిన్నోడు కూడా పరిగెత్తాడు. నాన్న దగ్గరికెళ్ళి దాని వీపు మీద చెయ్యేసి నిమిరి, మూపురం ఏదమ్మా దీనికి, ఇది జెర్సీ పెయ్య, ఏడాది కూడా నిండలేదు అన్నారు. నిజంగానే చూస్తే భుజాల మీద బల్లపరుపుగా ఉంది. పుంగనూరు ఆవు ఎదిగినా ఇంచుమించు మూడడుగులే ఉంటుంది, కానీ చిన్నదైనా మూపురం ఉంటుంది, నుదురు వెడల్పుగా, కొమ్ములు పొట్టిగా, తోక నేలకి తగిలేంత పొడుగు. చిత్తూరు వైపు పుంగనూరు నుంచి వచ్చిన జాతి అది, ఒకప్పుడు అంతరించిపోయే స్థితికి వస్తే పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుకుంటూ వచ్చారు, అలాంటి జాతి పేరు తీసుకెళ్ళి జెర్సీ దూడ మెడలో తగిలిస్తే పిల్లలు ఇంటికి ఏం నేర్చుకుని వెళ్తారు చెప్పండి?

గానుగ కూడా అంతే. రోలు మీద చెయ్యి పెట్టి చూస్తే దుమ్ము అంటింది, నూనె జిడ్డే లేదు. నువ్వులు ఆడించిన చోట నూనె తీశాక మిగిలే తెలగపిండి ఉంటుంది కదా, కాస్త పిల్లలకి పెడదాం అని అమ్మ అడిగితే అక్కడి అమ్మాయికి తెలగపిండి అంటే ఏంటో తెలీదు పాపం. పక్కనే షెల్ఫులో మాత్రం ఎద్దు గానుగ నువ్వులనూనె అని లేబుల్ వేసిన సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి, బిల్లింగ్ కౌంటర్ కూడా అక్కడే. ఎక్కడో పట్టించి తెచ్చి అమ్ముతున్నారు అనేది నా నమ్మకం, ఆ గానుగ తిరిగి ఎన్నాళ్ళయిందో.

ఇక అసలు విషయం. ఎడ్లబండి.

బండి దగ్గర స్పీకర్లో రికార్డింగ్ పెట్టారు, ఒంగోలు జాతి మన గర్వకారణం అని, బ్రెజిల్ వాళ్ళు ఇక్కడి నుంచి తీసుకెళ్ళి పెంచుకున్నారు, అక్కడ ఆ జాతి ఆవుకి 40 కోట్ల దాకా విలువ కట్టారు అని. వింటూ నాన్న మొహం వెలిగిపోయింది, పిల్లలకి మూపురం, గంగడోలు చూపించి వివరిస్తున్నారు. టైమ్ రెండు కావస్తోంది, ఫోన్లో 40 డిగ్రీలు చూపిస్తోంది. పైన నీడ లేదు. ఎద్దుల కొమ్ములకి రంగులు, మెడలో మువ్వల పట్టెడలు, మెడ మీద కాడి కింద అద్దాలు కుట్టిన ఎర్రగుడ్డ. కుడివైపు ఎద్దు కాలు మార్చి కాలు మారుస్తూ తల వంచి వంచి పట్టుకుంటోంది, నురగ కారుతోంది. నేనైతే ఎండకి అనుకున్నాను. నాన్న ఒక్క క్షణం చూసి, పిల్లల చెయ్యి వదిలేసి వెళ్ళి ఆ ఎర్రగుడ్డ అంచు పట్టుకుని మెల్లగా ఎత్తారు.

కాడి ఒరుసుకుని ఒరుసుకుని అరచెయ్యంత పుండు. చర్మం లేచిపోయి లోపల ఎర్రగా, అంచుల్లో చీము, గుడ్డకి అంటుకుపోయి ఉంది, ఈగలు లేచాయి. మా పాప గట్టిగా ఏడ్చేసింది. అద్దాల గుడ్డ అలంకారానికి కాదు, ఆ పుండు కనపడకుండా వేశారు.

బండి తోలే కుర్రాడిని నాన్న తిట్టలేదు కూడా. ఏందబ్బాయ్ ఇది, దీన్ని కాడి కింద ఎట్టా పెట్టావు, పసుపు వేపనూనె అయినా రాశారా, డాక్టరుకి చూపించారా అని అడిగారు. వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించి, నా చేతిలో ఏముంది బాబాయ్, ఇంకో జత లేదు, ఆపితే ఆ రోజు కూలి కట్ చేస్తారు అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, వాడికీ ఆ ఎద్దుకీ పెద్ద తేడా లేదు అక్కడ.

అప్పుడొచ్చాడు మేనేజరు. తెల్ల పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, మెడలో ఐడీ కార్డు. లైన్ ఎందుకు ఆగింది అన్నాడు. నాన్న మర్యాదగానే చెప్పారు, బాబూ ఈ ఎద్దుకి మెడ పుండు పడింది, దీన్ని విప్పేయించండి, మాన్పాలంటే నెల పైనే పడుతుంది, మేం ఎండాకాలం తెల్లారుజామున అరక కట్టి పదింటికల్లా విప్పేసేవాళ్ళం, ఈ ఎండలో మంచి ఎద్దునే కట్టం అని. దానికి ఆ మనిషి ఏమన్నాడో మక్కీకి మక్కీ రాస్తున్నా, "పెద్దాయనా, మీరు టికెట్టు కొన్నారు, ఎద్దుని కొనలేదు. ఎక్కితే ఎక్కండి, లేకపోతే పక్కకి జరగండి, వెనకాల డబ్బులు కట్టినోళ్ళు ఉన్నారు."

డెబ్బై దాటిన మనిషిని, మనవళ్ళ ముందు, అంత లైన్ ముందు. ఎద్దు గురించి ఆ పార్కు మొత్తానికి తెలిసిన ఏకైక మనిషి నాన్నే, ఆయన్ని పట్టుకుని పక్కకి జరగమన్నాడు. రైతు వేషం వేసుకుని రైతుని తోసేశాడు. నాన్న ఎదురు మాట్లాడలేదు, ఈ బండి నేను ఎక్కను, నా మనవళ్ళూ ఎక్కరు అని మాత్రం అన్నారు. మా ఆయన, నేను గొడవ పెట్టుకున్నాం, గట్టిగానే అరిచాను, అరిచినందుకు నాకేం బాధ లేదు. వెనకాల లైన్లో ఒక కుటుంబం మాత్రం మాతోపాటు పక్కకొచ్చింది, వాళ్ళకి థాంక్స్. మిగతావాళ్ళు ఎక్కారు, గుడ్డ మళ్ళీ కప్పేశారు, బండి కదిలింది.

రీఫండ్ అడిగితే టికెట్ కింద నాన్ రీఫండబుల్ అని ఉంది చూసుకోండి అన్నారు. ఎక్కకపోవడం మీ ఇష్టం, మేం బండి పెట్టాం కదా అన్నారు. రాత్రి నేను ఫోటోతో సహా రివ్యూ పెట్టాను. పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి మేడమ్ రివ్యూ తీసేస్తే నెక్స్ట్ విజిట్‌కి 20 పర్సెంట్ డిస్కౌంట్ ఇస్తాం అంది. ఎద్దు గురించి ఒక్క ముక్క లేదు, ఎలా ఉంది అని అడిగితే అది మా డిపార్ట్‌మెంట్ కాదు మేడమ్ అని పెట్టేసింది. మధ్యాహ్నానికి నా రివ్యూ కింద వరసగా ఫైవ్ స్టార్లు వచ్చి పడ్డాయి, అన్నీ రెండు ముక్కలే, సూపర్ ప్లేస్, మస్ట్ విజిట్.

పొద్దుటి నుంచి చదువుతూ కూర్చున్నా, తెలిసింది చెప్తున్నా. పుండు పడ్డ పశువుతో పని చేయించడం 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. 1965లో బండ్లు లాగే పశువుల కోసం వేరే రూల్స్ వచ్చాయి, వాటి ప్రకారం రోజుకి మొత్తం తొమ్మిది గంటలు మించి పని చేయించకూడదు, వరసగా అయిదు గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా అసలు కట్టకూడదు. మేం అక్కడ నిలబడింది సరిగ్గా ఆ టైమ్‌లోనే. అంటే నాన్న చెప్పింది ముసలాయన చాదస్తం కాదు, చట్టం చెప్పిందే ఆయన చెప్పారు. ఆ ఫోటోలు, టైమ్‌తో సహా, పోలీస్ స్టేషన్లోనూ పశుసంవర్ధక శాఖ ఆఫీసులోనూ ఇస్తున్నాం, మా ఆయన ఆ పని మీదే వెళ్ళారు.

డబ్బుల సంగతి చెప్పాలంటే, చెప్పిన సర్వీసు ఇవ్వకపోతే నాన్ రీఫండబుల్ అని ఒక లైన్ రాసుకున్నంత మాత్రాన తప్పించుకోలేరు. ముందు 1915 కి ఫోన్ చేయొచ్చు, నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 2019 చట్టం ప్రకారం పార్కు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కట్టిన డబ్బు అయిదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో కూడా వేసుకోవచ్చు.

ఎక్కడికి వెళ్ళినా ఇన్‌క్లూడెడ్ అని రాసిన పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఎడ్లబండి, గుర్రబ్బండి ఏదైనా సరే ఎక్కేముందు కాడి కిందా జీను కిందా గుడ్డ ఎత్తి చూడండి, ఎత్తనివ్వకపోతే ఎక్కొద్దు. ఆ పార్కుకి ఈ మధ్య వెళ్ళినవాళ్ళ దగ్గర ఆ కుడివైపు ఎద్దు ఫోటోలు గానీ వీడియోలు గానీ ఉంటే నాకు మెసేజ్ చేయండి, కంప్లైంట్‌కి జతచేస్తాం. దానికి ఎడమ చెవి కొస చీలి ఉంటుంది, గుర్తుపట్టొచ్చు.