స్పంజికా, హైడ్రానా: ఎండిపోయే చెరువులో ఏ శరీరం మేలు?

జంతుశాస్త్రం పాఠాల్లో పొరిఫెరా (స్పంజికల వర్గం) అయ్యాక నిడేరియా (హైడ్రా, జెల్లీఫిష్‌ల వర్గం) వస్తుంది. ఆ వరస చూసి పిల్లలు మనసులో మెట్లు కట్టేసుకుంటారు: స్పంజిక కింది మెట్టు, హైడ్రా పై మెట్టు. పరీక్షలో తేడాల పట్టిక గీసినా స్పంజిక గడిలో అన్నీ ‘లేదు’లే. నోరు లేదు, నాడీకణం లేదు, కండరం లేదు, అసలైన కణజాలం లేదు. ఆ పట్టికలు దిద్దే పనిలో ఉన్న నాకు ఈ ‘లేదు’ల మీద గట్టి అభ్యంతరం ఉంది. ఒక జీవికి ఏమేం లేవో లెక్కపెడితే అది ఎలా బతుకుతోందో తెలియదు. రెండింటినీ ఒకే నీళ్లలో పెట్టి చూడాలి.

అలా చూసే వీలు మన చెరువుల్లోనే ఉంది. స్పంజికల్లో చాలా భాగం సముద్రపు జీవులు. స్పాంజిల్లా, దాని చుట్టాలు మాత్రం మంచినీటికి వచ్చి స్థిరపడ్డాయి. నిడేరియాలో హైడ్రా సంగతీ అంతే. తామర తూడుకో, నీట మునిగిన తుమ్మకొమ్మకో రెండూ పక్కపక్కనే అంటుకుని ఉండొచ్చు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన నెల్సన్ అనన్‌డేల్ 1911లో మన దేశపు మంచినీటి స్పంజికలనూ హైడ్రాలనూ ఒకే సంపుటంలో వర్ణించాడు. మన చెరువులకు ఇంకో గుణం ఉంది, చాలావాటిలో వేసవికి నీళ్లుండవు. ఏది మేలన్న ప్రశ్నకు అసలు పరీక్ష అదే.

ముందు తిండి సంగతి చూద్దాం. స్పంజిక ఒంటినిండా రంధ్రాలు. ఆస్టియాలనే సన్నని రంధ్రాల గుండా నీరు లోపలికి వస్తుంది. లోపలి గదుల్లో ఉన్న కాలర్ కణాలు కశాభాలనే కొరడా పోగులను ఆడిస్తూ ఆ నీటిని ముందుకు తోస్తాయి. చివరికి అది ఆస్కులం అనే పెద్ద రంధ్రం నుంచి బయటపడుతుంది. 1825లో రాబర్ట్ గ్రాంట్ ఈ ప్రవాహాన్ని కళ్లారా చూసి రాశాకే స్పంజిక జంతువా, మొక్కా అన్న అనుమానం తీరుతూ వచ్చింది. ప్రతి కాలర్ కణం మెడ చుట్టూ అతి సన్నని పోగుల కంచె ఉంటుంది. నీళ్లలోని బాక్టీరియా ఆ కంచెకు చిక్కుతుంది. కణం దాన్ని తానే మింగి అరిగించుకుంటుంది, లేదంటే లోపల తిరుగాడే ఆర్కియోసైట్ అనే కణానికి అప్పగిస్తుంది. ల్యూకోనియా అనే సముద్రపు స్పంజిక ఎత్తు 10 సెంటీమీటర్లు, మందం ఒక సెంటీమీటరు. అందులో సుమారు 22.5 లక్షల కశాభ గదులుంటాయి. రోజుకు 22.5 లీటర్ల నీరు దాని ఒంట్లోంచి సాగిపోతుంది. నోరు లేదని మనం జాలిపడే జీవి ఇది.

హైడ్రా దారి వేరు. రెండు కణస్తరాల గొట్టం, మధ్యలో మీసోగ్లియా అనే పలుచని జిగురు పొర, పైన ఒకటే నోరు, దాని చుట్టూ స్పర్శకాలనే పోగుల్లాంటి చేతులు. డాఫ్నియా అనే చిన్న నీటిపురుగు పొరపాటున ఒక స్పర్శకాన్ని తాకిందా, దంశకణాల్లోని (కుట్టే కణాల్లోని) నిమాటోసిస్టులనే గుళికలు పేలతాయి. ఈ పేలుడులో అత్యంత వేగమైన దశ 700 నానోసెకన్లలోనే అయిపోతుందని 2006లో అతివేగ కెమెరాలతో కొలిచారు. త్వరణం గురుత్వానికి 50 లక్షల రెట్లు దాటింది. గాయపడిన ఎర నుంచి గ్లుటాథయోన్ అనే రసాయనం కారుతుంది, అది తగలగానే హైడ్రా నోరు తెరుస్తుంది. ఎర కొంత జఠర ప్రసరణ కుహరంలో (గొట్టం లోపలి ఖాళీలో), మిగతాది కణాల లోపల అరుగుతుంది. అరగనిది మళ్లీ ఆ నోటి నుంచే బయటికి పోవాలి. పేలిన దంశకణం ఇంకోసారికి పనికిరాదు కాబట్టి మూలకణాల నుంచి కొత్తవి తయారవుతూనే ఉండాలి.

ఈ రెంటిలో నా తూకం నీటిని బట్టి మారుతుంది. డాఫ్నియాలు, సైక్లాప్స్‌లు కిటకిటలాడే చెరువులో హైడ్రాదే పైచేయి. అవి తక్కువై బాక్టీరియా మాత్రమే మెండుగా ఉన్నచోట హైడ్రా పస్తుంటుంది, స్పంజిక తింటూనే ఉంటుంది. మట్టి కలిసిన వరదనీరు వస్తే మాత్రం రంధ్రాలు పూడి స్పంజికకు కష్టం. ఇంకో ముచ్చట, రెండింటిలోనూ కణాల లోపల ఆకుపచ్చ శైవలాలను పెంచుకునే జాతులున్నాయి. చెరువులో ఆకుపచ్చని స్పంజిక పెచ్చును చాలామంది పాచి అనుకుని వదిలేస్తారు.

గాయం మానడంలో ఎక్కువ తక్కువలు చెప్పలేం. 1740ల్లో హేగ్ దగ్గర అబ్రహాం ట్రెంబ్లే హైడ్రాను ముక్కలు చేస్తే ముక్కముక్కా మళ్లీ హైడ్రా అయింది. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నని పట్టుగుడ్డలోంచి పిండి కణాలను విడదీశాడు. అవి పాకి, ఒకదాన్నొకటి చేరి, మళ్లీ స్పంజికగా కుదురుకున్నాయి. తర్వాతి కాలంలో హైడ్రా కణాలను విడదీసినా అలాగే కూడుకున్నాయి. పై మెట్టు, కింది మెట్టు అనేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. 2010లో హైడ్రా జన్యుక్రమమూ, ఆంఫిమెడాన్ అనే స్పంజిక జన్యుక్రమమూ వెలువడ్డాయి. ఒక్క నాడీకణమైనా లేని ఆ స్పంజికలో, నాడీసంధుల్లో వాడుకయ్యే ప్రోటీన్ల జన్యువులు చాలానే కనిపించాయి.

ఇక ప్రత్యుత్పత్తి. తీర్పు తేలేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం.

నీళ్లున్నన్నాళ్లూ హైడ్రాతో పోటీ కష్టం. కడుపునిండా తిన్న హైడ్రా నడుము దిగువన మొగ్గ పుడుతుంది. మొగ్గ కుహరం తల్లి కుహరంతో కలిసే ఉంటుంది కనుక తల్లి తిన్నది దానికీ అందుతుంది. రెండు మూడు రోజుల్లో నోరూ స్పర్శకాలూ వచ్చి, అడుగు భాగం సన్నబడి విడిపోతుంది. స్పంజిక కూడా కొమ్మలు వేస్తుంది, విరిగిన ముక్క వేరే చోట బతుకుతుంది. కానీ ఆ వేగం దానికి లేదు.

లైంగిక ప్రత్యుత్పత్తిలో స్పంజిక చేసే పని నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. శుక్రకణాలు ఆస్కులం నుంచి నీళ్లలోకి వెళ్తాయి. ఇంకో స్పంజిక తిండి కోసం పీల్చే నీటితోపాటే అవి లోపలికి చేరతాయి. కాలర్ కణం శుక్రకణాన్ని బాక్టీరియాను పట్టినట్టే పడుతుంది. పట్టి, అరిగించుకోదు. తన కాలర్‌నూ కశాభాన్నీ వదులుకుని, అమీబాలా కదులుతూ, దాన్ని మోసుకెళ్లి లోపల ఉన్న అండానికి అందిస్తుంది. తిండి వచ్చే దారినే సంతానానికీ వాడుకునే ఏర్పాటు ఇది. పిండం తల్లి ఒంట్లోనే పెరిగి శైలికలనే సన్నని పోగులున్న డింభకంగా (ఈదే పిల్లరూపంగా) బయటికి వస్తుంది, కాసేపు ఈది ఏదో ఒక చోట అతుక్కుంటుంది. హైడ్రాలో ముష్కాలు (శుక్రకణాలు పుట్టే అవయవాలు) పైభాగాన, అండాశయం దిగువన ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. అండం తల్లి ఒంటి మీదే బయటికి తేలి ఉంటుంది, శుక్రకణం ఈదుకుంటూ దాని దగ్గరికి రావాలి. ఫలదీకరణం అయ్యాక పిండం చుట్టూ గట్టి కవచం ఏర్పడి అడుగుకు రాలుతుంది. ఈదే డింభకం హైడ్రాలో ఉండదు.

ఇప్పుడు చెరువు ఎండుతోంది అనుకోండి. స్పాంజిల్లాలో ఆర్కియోసైట్లు పోషక పదార్థం నింపుకుని గుంపులు కడతాయి. ఒక్కో గుంపు చుట్టూ స్పాంజిన్ అనే ప్రోటీన్ కవచం, అందులో కంటకాల (సన్నని ముళ్ల) అమరిక, ఒక పక్కన సూక్ష్మరంధ్రం. ఇదే జెమ్యూల్, గసగసం గింజంత ఉంటుంది. ఒక్క స్పంజికలోనే ఇవి లెక్కలేనన్ని పుడతాయి. తల్లి కుళ్లిపోయినా ఇవి ఎండను తట్టుకుని కొమ్మకు అంటుకుని ఉంటాయి. ఇవి పుట్టడానికి జత అక్కర్లేదు, నా లెక్కలో అసలు కీలకం అదే. హైడ్రాకు కవచం ఉన్న పిండం కావాలంటే ఫలదీకరణం జరిగి తీరాలి. నీరు తగ్గేలోపు శుక్రకణమూ అండమూ కలవాలి, దక్కేది ఒక్కో అండానికి ఒక్క పిండమే. మొగ్గలు ఎన్ని వేసినా అవన్నీ మెత్తని శరీరాలే, తడి ఆరితే పోతాయి.

హైడ్రా పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. జెమ్యూల్ నుంచి వచ్చేది తల్లి నకలే, కవచం పగలగొట్టుకుని వచ్చే హైడ్రా మాత్రం కొత్త జన్యువుల కలయిక. చెరువులో పరిస్థితులు మారితే ఆ కొత్తదనం పనికొస్తుంది. కానీ స్పంజిక కూడా నీళ్లున్న రోజుల్లో లైంగిక ప్రత్యుత్పత్తి చేసుకుంటుంది కదా. కొత్తదనం ఒక దారిన, కరువు కాపుదల ఇంకో దారిన పెట్టుకుంది. హైడ్రా రెండింటినీ ఒకే పిండం మీద మోపింది.

అందుకే నా తీర్పు ఇది: ఏటా ఎండే చెరువుకు స్పంజిక మేలు. ఏడాది పొడవునా నీరు నిలిచే బావికి, కుంటకు, అక్వేరియానికి హైడ్రా మేలు. ఆరీలియా లాంటి జెల్లీఫిష్‌ను ఈ తూకంలోకి తేవడం లేదు. దాని పాలిప్ (అతుక్కుని ఉండే రూపం) అడ్డంగా తెగి పళ్లేల వరసలా ఎఫైరాలనే పిల్ల జెల్లీఫిష్‌లను విడుస్తుంది, మెడూసా (ఈదే రూపం) సముద్రంలో దూరాలు తిరుగుతుంది, బతుకు రెండు రూపాల్లో సాగుతుంది. మంచినీటి జెల్లీఫిష్‌లు లేకపోలేదు. కృష్ణ ఎగువన సతారా ప్రాంతపు నీళ్లలో లిమ్నోక్నిడా ఇండికా ఉందని అనన్‌డేల్ కాలంలోనే గుర్తించారు. అయినా మన ఊరి చెరువులో పోటీ స్పంజికకూ హైడ్రాకే.

ఈ తీర్పును సరిచూసుకోవడం కష్టమేమీ కాదు. చెరువులోని నాచుమొక్కలను గాజుసీసాలో వేసి వెలుతురు తగిలేచోట కదపకుండా ఉంచితే, హైడ్రాలు ఉంటే వెలుగున్న వైపు గాజుకు చేరతాయి. వేసవిలో ఎండిన చెరువులో కొమ్మల మీద, రాళ్ల మీద పెళుసైన పెచ్చుల కోసం చూడండి. పెచ్చు కింద గోధుమరంగు గింజలుంటే అవి జెమ్యూల్స్. చేత్తో నలపకండి, కంటకాలు గుచ్చుకుని దురద పెడుతుంది, ఆ చేత్తో కళ్లు అసలు తుడుచుకోకండి. పట్టకారుతో నాలుగైదు గింజలు తీసి, క్లోరిన్ లేని నీళ్లలో గాజుపలక మీద ఉంచి, నీడన పెట్టండి. కొద్ది రోజులకు సూక్ష్మరంధ్రం నుంచి తెల్లని పల్చటి పొర గాజు మీదికి పాకుతుంది. మైక్రోస్కోపు కింద పెట్టి పక్కన ఒక చుక్క కార్మిన్ (ఎర్ర రంగు) పొడి నీళ్లు వదిలితే, ఎర్రని రేణువులు కొత్తగా తెరుచుకున్న ఆస్కులం నుంచి బయటికి వెళ్లడం చూడొచ్చు.